తొమ్మిదిన్నర వాళ్ళు

పూజ అయిపోయి మేం కోట్లు తొడుక్కుంటూ ఉండగా ఆ గుడిని చూసుకునే ఫాదర్ ఒబియోరా పక్క గదిలోంచి వచ్చి ముందు నిలబడ్డారు. మా పూజకి ఆయన ఎప్పుడూ రారు. వచ్చారంటేనే నాకు అనుమానం. చేపల షెడ్డులో సగం జీవితం యూనియన్ పని చేసినదాన్ని. పైవాడు చిరునవ్వుతో కిందికి దిగి వచ్చాడంటే ఏదో కోత ఉందని నాకు వాసన తగులుతుంది.

కోతే. ఆయనకి పక్క ఊరి గుడి కూడా అప్పజెప్పారట. మధ్యాహ్నానికి అక్కడ ఉండాలి. అందుకని సెయింట్ బ్రెండన్ గుడిలో పెద్ద పూజ పదకొండు నుంచి పదింటికి మారుతుంది. పదింటికి పెద్ద పూజ అయితే తొమ్మిదిన్నరకి మా పూజ పట్టదు.

"మీరంతా కూడా పదింటికే వచ్చి మాతో కలిస్తే మాకెంతో సంతోషం" అన్నారు.

షెడ్డు మూసేసిన రోజు మేనేజరు కూడా సంతోషం అనే మాటే వాడాడు.

మా ఊరు స్టెయిన్‌సీ. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండ. కొండ మీద సెయింట్ హిల్డా, ఇంగ్లండు చర్చి. కొండ కింద రేవు పక్కన సెయింట్ బ్రెండన్, కేథలిక్ గుడి. మేం కొండ మీద వాళ్ళం. మా తాతల పేర్లు అక్కడి గోడల మీద ఉన్నాయి. మూడేళ్ళ కిందట మేం కొంతమందిమి, మా ఫాదర్ హంఫ్రీతో సహా, కొండ దిగి పోపు గారి కిందికి వచ్చేశాం. ఎందుకని ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. నాకు తెలిసిన జవాబు ఒక్కటే. చేతులెత్తి ఓటేసి తేల్చాల్సిన విషయాలు ఉంటాయి, జీతాలు, పనిగంటలు. దేవుడు చెప్పింది నిజమా కాదా అన్నది ఆ జాబితాలో లేదు. కొండ మీద దానికీ ఓటింగు పెట్టారు. నేను లేచి వచ్చేశాను.

వచ్చేటప్పుడు భవనం తెచ్చుకోలేదు, గంటలు తెచ్చుకోలేదు. మా చేతులతో ఊలు అల్లి కుట్టిన, మోకాళ్ళ కింద వేసుకునే దిండ్లు కూడా చర్చి ఆస్తేనన్నారు. తెచ్చుకున్నవల్లా నోటికొచ్చిన ప్రార్థనలు, పాటలు. అవి పోగొట్టుకోనక్కర్లేదని పోపు గారే మా లాంటి వాళ్ళ కోసం ఏర్పాటు చేశారు. మా ప్రార్థన పుస్తకం మాకు, మా పాటలు మాకు, మా పెళ్ళయిన ఫాదర్ మాకు. గుడి మాత్రం లేదు. సెయింట్ బ్రెండన్ వాళ్ళు ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి ఒక గంట ఇచ్చారు. ఆ గుడి జనం నోట మా పేరు కూడా అదే అయిపోయింది, తొమ్మిదిన్నర వాళ్ళు.

వాళ్ళు మమ్మల్ని బాగా చూసుకున్నారు. అదే నాకు గిట్టేది కాదు. మూడేళ్ళయినా కొత్త అల్లుడికి చేసినట్టే మర్యాదలు. కుర్చీ జరపబోతే "అయ్యో, మీరు కూర్చోండి" అనేవాళ్ళు. పువ్వులు సర్దబోతే "మీకెందుకండీ శ్రమ" అనేవాళ్ళు. ఈ మర్యాదలన్నిటికీ పెద్ద బ్రైడీ మల్‌క్వీన్. పువ్వులు ఆమెవి, హాలు ఆమెది, ఆదివారం తొమ్మిదింటికి ఒక మూల జరిగే జపమాల గుంపు ఆమెది. నలుగురు ఫాదర్లు మారినా బ్రైడీ మారలేదు. మాతో ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడేది. ఆ నవ్వు పళ్ళ దగ్గర మొదలై పళ్ళ దగ్గరే ఆగేది.

ఆ సాయంత్రం అందరం ఫాదర్ హంఫ్రీ ఇంట్లో చేరాం. ఇల్లంటే చేపల వేపుడు కొట్టు మీద రెండు గదులు. కొండ మీద ఆయనకి తోట ఉన్న బంగళా ఉండేది. దాన్నీ జీతాన్నీ వదిలి వచ్చి ఇప్పుడు ఆసుపత్రిలో రోగుల మంచాల పక్కన ప్రార్థనలు చెప్పి బతుకుతున్నారు. తొమ్మిదిన్నర పోతే ఆయనకి నిలబడడానికి బలిపీఠం ఉండదు. ఆ మాట ఆయన అనలేదు. ఆయన భార్య గ్వెన్ కూడా అనలేదు. టీ పోస్తూ ఉంది.

నేను నా పథకం చెప్పాను. "తొమ్మిదిన్నరకి ఎప్పట్లాగే వెళ్దాం. పూజ చేసుకుందాం. పదింటి వాళ్ళొచ్చినా లేవొద్దు. కదలొద్దు. ఎత్తి బయట పడేస్తారా?"

విల్ఫ్ హెబుల్‌వైట్ తల పట్టుకున్నాడు. రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి, ఏ రెండూ గుద్దుకోకూడదు అతనికి. "బెరిల్, అది గుడి తల్లీ. నీ చేపల షెడ్డు కాదు."

"షెడ్డులో గెలిచాంగా."

"గెలవలేదుగా. మూసేశారుగా."

"ఆర్నెల్లు ఆలస్యంగా మూశారు. అది గెలుపే."

ఫాదర్ హంఫ్రీ కప్పు కింద పెట్టారు. "ఒక్క ఆదివారం మంచి మనసుతో వెళ్దాం బెరిల్. నేనూ ఫాదర్ ఒబియోరా పక్కన నిలబడి పూజ చేస్తాను. ఆయన ప్రసంగం కూడా నన్నే చెప్పమన్నారు. కలిసి చూద్దాం. ఆ తర్వాత మాట్లాడదాం."

"కలవడం వేరు, కరగడం వేరు ఫాదర్. పంచదార టీలో కలిసిందనే అంటాం. తర్వాత పంచదార ఏదీ?"

"టీ తియ్యగా ఉంటుంది కదా" అంది గ్వెన్.

"నేను తియ్యగా ఉండను."

"అది మాకు తెలిసిందే" అన్నాడు విల్ఫ్.

అందరూ నవ్వారు. నవ్వులో ఓటు ఓడిపోయాను. సరే, ఒక్క ఆదివారం. కానీ వెళ్తే పరువుగా వెళ్ళాలన్నాను. అక్కడే అసలు చిక్కు వచ్చిపడింది.

'పరలోకమందున్న మా తండ్రీ' అని మొదలయ్యే పరలోక జపంలో ఉంది చిక్కు. మేమూ వాళ్ళూ చెప్పే జపం ఒక్కటే. కానీ "కీడు నుండి మమ్మును తప్పించుము" దగ్గర కేథలిక్కులు ఆగిపోతారు. అక్కడ ఫాదర్ ఒక్కడే ఇంకో ప్రార్థన చెప్తాడు. మేం ఆగం. పాలతో పాటు నోట్లోకి వెళ్ళిన జపం అది. "ఏలయనగా రాజ్యమును శక్తియు మహిమయు నిరంతరము నీవై యున్నవి, ఆమెన్" అని చివరిదాకా పోయి గానీ ఊపిరి తీసుకోం. ఇప్పుడు మా చేతుల్లో ఉన్న పుస్తకం కూడా అక్కడ ఆగమనే చెబుతుంది. పుస్తకం చూసి పరలోక జపం చెప్పేవాడు ఎవడు? తొమ్మిదిన్నరలో మేం అలా దూసుకుపోతూనే ఉన్నాం. వినేవాడు లేడు కాబట్టి తప్పు తప్పులా కనపడలేదు. పదింటికి గుడి నిండా జనం. అందరూ ఆగిన చోట మేం ఒక్కళ్ళమే కేకలు పెడితే?

"సాధన చేద్దాం" అన్నాడు విల్ఫ్.

నోరు తెరవడానికి సాధన చేసే వాళ్ళని చూశాను. నోరు మూసుకోవడానికి సాధన చేసింది మేమే. ఆ వారమంతా సాయంత్రాలు గ్వెన్ వంటింట్లో నిలబడి జపం చెప్పాం. "తప్పించుము" రాగానే గ్వెన్ గరిటెతో బల్ల మీద ఠక్కుమని కొట్టేది. మొదట్లో గరిటె మీద నుంచే దూకి పోయేవాళ్ళం. విల్ఫ్ చేత్తో నోరు మూసుకుంటే వేళ్ళ సందుల్లోంచి "రాజ్య" అని వచ్చేది. కింద వేపుడు కొట్టువాడు పైకి వచ్చి "మీ ఇంట్లో ఏదన్నా గొడవా?" అని అడిగిపోయాడు. శనివారానికి గాడిలో పడ్డాం. గరిటె లేకుండా కూడా గోడకి గుద్దుకున్నట్టు ఆగాం.

"మీరు కూడా ఒకసారి చెప్పండి" అంది గ్వెన్ మొగుడితో.

"నాకెందుకు?" అన్నారాయన. "కేథలిక్ గురువు కావడానికి నాకు వేరే చదువే చెప్పారు."

ఆదివారం మేం ముందే వెళ్ళాం. ఆలస్యంగా వెళ్ళి వెనక నక్కే అలవాటు నాకు లేదు. విల్ఫ్‌ని లాక్కుని ఎడమవైపు మూడో వరుసలో కూర్చున్నాను. స్తంభం పక్కన, సెయింట్ ఆంటోనీ బొమ్మ కింద. బల్ల ఖాళీగా ఉంది. ఎవరి పేరూ లేదు.

జనం వస్తున్నారు. వచ్చిన ప్రతివాడూ మమ్మల్ని చూసి, ఒక్క క్షణం ఆగి, కళ్ళు పైకప్పుకి తిప్పుకుని పోతున్నాడు. తల్లులు పిల్లల్ని ఇటు చూడొద్దన్నట్టు లాక్కుపోయారు. విల్ఫ్ గుసగుసగా అన్నాడు. "మనం ఏదో చేశాం బెరిల్."

"కూర్చున్నాం. అది నేరమా?"

అప్పుడు బ్రైడీ వచ్చింది. టోపీ, జపమాల, గొడుగు. మా బల్ల చివర నిలబడి నా మొహం చూసింది. నేను లేవబోయాను.

"పర్లేదు, పర్లేదు, కూర్చోండి. మీరు అతిథులు" అంది నవ్వుతూ.

బల్ల మీద ఇంకా నలుగురికి చోటుంది. ఆమె వాటిలో దేని మీదా కూర్చోలేదు. నన్ను దాటి లోపలికి వచ్చి, నాకూ స్తంభానికీ మధ్య ఉన్న జానెడు సందులోకి దిగింది. దిగడం అంటే దిగడమే, రేవులో పడవ దిగినట్టు. నా కోటు సగం ఆమె కింద ఉండిపోయింది. పూజ అంతా నేను ఒక భుజంతోనే ఉన్నాను.

మేం ఎంత బుద్ధిగా ఉన్నామో చెప్పలేను. పాట రెండు చరణాలకే ఆర్గన్ ఆగిపోతే, మూడో చరణం గొంతు దాకా వచ్చింది, మింగేశాం. ఫాదర్ హంఫ్రీ ప్రసంగం బాగా చెప్పారు. చిన్నగా చెప్పారు. వెనక ఎవరో "పెళ్ళాం ఉంటే ఇదే లాభం, క్లుప్తంగా మాట్లాడడం నేర్పుతుంది" అన్నారు. నవ్వులు. నాకు కొంచెం బాగానే అనిపించింది.

పరలోక జపం వచ్చింది. గుడి గుడంతా ఒక్క గొంతు. మాకు బాగా తెలిసిన దారి, గోతి ఎక్కడుందో కూడా తెలుసు. విల్ఫ్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వెనక గ్వెన్ బల్ల పట్టుకుంది.

"కీడు నుండి మమ్మును తప్పించుము."

ఆగాం! అందరం ఆగాం. ఒక్క గొంతు కూడా జారలేదు. గర్వంగా విల్ఫ్ డొక్కలో మోచేత్తో పొడిచాను.

అప్పుడు ప్రతి స్తంభం మీదున్న స్పీకరులోంచీ ఒక గొంతు, ప్రసంగం మైకు ఇంకా కాలర్‌కే ఉన్న గొంతు, తీరిగ్గా, నిబ్బరంగా, కొండ మీద ముప్పయ్యేళ్ళు చెప్పినట్టే చెప్పింది.

"ఏలయనగా రాజ్యమును..."

ఫాదర్ హంఫ్రీ.

ఆ ఒక్క మాట దగ్గర తన గొంతు తనకే వినపడి ఆగిపోయారు. ఉడికిన పీతలా ఎర్రబడ్డారు. నోరు తెరిచే ఉంది. ముందుకి పోలేరు, వెనక్కి రాలేరు. ఫాదర్ ఒబియోరా చేతులు చాచి అలాగే నిలబడ్డారు.

నాకు గ్వెన్ గరిటె గుర్తుకు రాలేదు, పరువు గుర్తుకు రాలేదు. బంగళా వదిలి మా ముందు నడుస్తూ కొండ దిగిన మనిషి అక్కడ, వాక్యం మధ్యలో, ఒంటరిగా నిలబడి ఉన్నాడు. తప్పు చేసినవాడైనా సరే, మనవాణ్ణి ఒంటరిగా వదలకూడదు. యూనియన్ అంటే నాకు తెలిసింది ఇంతే, మిగతాదంతా కాగితాలు.

"శక్తియు" అన్నాను. షెడ్డులో మిషన్ల మీద నుంచి వినపడేలా తయారైన గొంతు నాది.

"మహిమయు" అన్నాడు విల్ఫ్, కళ్ళు తెరవకుండానే.

"నిరంతరము" అని గ్వెన్, ఆ వెనక మా వాళ్ళందరూ. అక్కడితో అయిపోలేదు. కుడివైపు నుంచి నౌకాదళంలో పనిచేసిన ముసలాయన అందుకున్నాడు. ఓడ మీద అందరూ అలాగే చెప్పేవాళ్ళేమో. గుడి చివర్నుంచి ఇంకెవరో, ఇంగ్లండు చర్చి పిల్లనో పిల్లాడినో పెళ్ళి చేసుకున్న వాళ్ళు అయ్యుంటారు. నా పక్కన, నా కోటు మీద కూర్చున్న మనిషి వైపు నుంచి కూడా సన్నగా ఒక గొంతు. నేను తల తిప్పలేదు.

"...నీవై యున్నవి. ఆమెన్."

ఆమెన్ పైకప్పుకి తగిలింది.

ఫాదర్ ఒబియోరా గొంతు సవరించుకుని, ఏమీ జరగనట్టు, తను ఒక్కడే చెప్పాల్సిన ప్రార్థన చెప్పారు. అది అయ్యాక వాళ్ళ పద్ధతిలో జనం ఆ చివరి మాటలే అనాలి. అన్నారు. ఆ రోజు దేవుడికి రాజ్యం రెండుసార్లు అప్పజెప్పాం.

సత్‌ప్రసాదపు రొట్టె అందుకోవడానికి మేం బలిపీఠం మెట్టు దగ్గర మోకరించాం. వాళ్ళు నిలబడి తీసుకుంటారు. మాకు నిలబడి తీసుకోవడం రాదు. విల్ఫ్ మోకాళ్ళు కిందికి వెళ్ళాయి గానీ పైకి రాలేదు. ఇద్దరం పట్టి లేపాం. వెనక వరస తలుపు దాకా ఆగిపోయింది.

తర్వాత హాల్లో టీ. గ్వెన్ ఓట్సూ బెల్లంపాకమూ వేసిన పార్కిన్ కేకు తెచ్చింది. మా వాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు, జరిమానా కోసం ఎదురుచూస్తున్నట్టు. ఫాదర్ హంఫ్రీ టీ కప్పు పట్టుకున్నారు గానీ తాగడం లేదు. ఇక తొమ్మిదిన్నర గురించి అడిగే మొహం మాకు లేదని నాకూ తెలుసు.

"బెరిల్ స్కేఫ్!"

హాలంతా తిరిగి చూసింది. బ్రైడీ. ఇన్నేళ్ళలో ఆమె నోట నా పేరు వినడం అదే మొదలు. మొహం మీద నవ్వు లేదు.

"నువ్వు కూర్చున్న చోటు ఎవరిదో తెలుసా?"

"దేవుడిది."

"దేవుడికి ముందు వరుస ఉంది. మూడో వరుస నాది! నా పెళ్ళయిన దగ్గర్నుంచీ నాది."

"పేరు రాసి లేదే."

"నా మంచం మీద కూడా పేరు రాసి లేదు. వచ్చి పడుకుంటావా?"

"మరి పొద్దున లేవబోతే పర్లేదు కూర్చోండి అన్నావేం?"

"పర్లేదంటే పర్లేదని అర్థమా? ఈ దేశంలో పుట్టి పెరిగావు, ఆ మాత్రం తెలీదా నీకు?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఇలాంటి గొడవ కోసం నేను మూడేళ్ళుగా మొహం వాచి ఉన్నాను. అతిథిని ఎవరైనా ఇలా తిడతారా? "నా కోటు నలిగి చచ్చింది, దాని సంగతేంటి?" అన్నాను.

"నీ కోటు! నా నడుము సంగతి చెప్పు. స్తంభం గుచ్చుకుని రంధ్రం పడింది." అని ఫాదర్ ఒబియోరా వైపు తిరిగింది. "అయినా వీళ్ళని తెచ్చి మా మీద ఎందుకు పడేశారు ఫాదర్? వాళ్ళ పూజేదో వాళ్ళకుంది. నా చోటు నాకుంది. అందరం సుఖంగా ఉన్నాం."

ఫాదర్ ఒబియోరా టీలోకి చూస్తూ అన్నారు. "టైము లేదు బ్రైడీ. పెద్ద పూజ పదింటికి. తొమ్మిదింటికేమో మీ జపమాల."

"అయితే?"

"దాన్ని కదిలిస్తే మీరు..."

"నేను? ఏం చేస్తానట నేను?"

విల్ఫ్ జీవితంలో మొదటిసారి రెండు బళ్ళని ఒకే పట్టాల మీదికి వదిలాడు. "చంపేస్తావని అందరూ అనుకుంటున్నారు బ్రైడీ."

"ఒక్కళ్ళైనా వచ్చి నన్ను అడిగారా?"

అడగలేదు. ఫాదర్ అడగలేదు. నేనూ అడగలేదు. గుడిని ఆక్రమించడానికి పథకం వేశాను గానీ, రెండు వీధుల అవతల ఉన్న ఆమె తలుపు కొట్టాలని నాకు తట్టలేదు.

"జపమాల మేం పెద్ద పూజ అయ్యాక చెప్పుకుంటాం" అంది బ్రైడీ. "పొద్దున్నే అయితే సగం మంది మరియమ్మకి గురకే సమర్పిస్తున్నారు. తొమ్మిదింటి గంట వీళ్ళకిచ్చెయ్యండి."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. బేరం మొదలైతే నిలబడి మాట్లాడకూడదు. "తొమ్మిదింటికి మొదలెడతాం."

"పదింటికి ముందే ఖాళీ చెయ్యాలి. మా వాళ్ళు వానలో నిలబడరు."

"మా పూజ గంట దాటుతుంది."

"ఎందుకు దాటదు? ఆ పాటలు! ఒక్కో పాటకి అన్ని చరణాలా? మీరు పాడుతుంటే బయట నిలబడి విన్నాను ఎన్నిసార్లో. పాట మొదలైనప్పుడు పుట్టిన పిల్ల పాట అయ్యేసరికి బడికి పోతుంది."

"చరణాలు కొయ్యం. పాటంటే చెప్పాల్సిన సంగతి. మధ్యలో ఆపితే ఎలా?"

"నాలుగు చరణాలు."

"పండగలకి మొత్తం."

"ఏ పండగలకి?"

"క్రిస్మసు, ఈస్టరు, మా మరియమ్మ పండగ."

"మీ మరియమ్మ ఏంటి, ఆమె మా మరియమ్మ!"

"అయితే ఇంకేం, మన పండగే. మొత్తం చరణాలు."

షెడ్డు యజమానుల్లో ఒక్కడు కూడా ఈమె కాలిగోటికి సరిపోడు. "సరే" అంది బ్రైడీ. "ఆ కేకు ఇటు పడెయ్యి."

ఫాదర్ హంఫ్రీ అప్పుడు ముందుకొచ్చారు. "అందరికీ క్షమాపణ చెప్పాలి. జపం దగ్గర నోరు జారింది. మా వాళ్ళు వారమంతా సాధన చేశారు. నేనే..."

ఫాదర్ ఒబియోరా నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వితే కప్పులు కదులుతాయి. "మా ఊళ్ళో కూడా రోడ్డుకి అటొకటి ఇటొకటి చర్చిలు హంఫ్రీ. మా అమ్మమ్మది మీ ఇంగ్లండు చర్చి. మా తాతది కేథలిక్. రాత్రి ఇంట్లో అందరం జపం చెప్పి 'తప్పించుము' అని ఆగేవాళ్ళం. ముసల్ది ఆగేది కాదు. పంతానికి గొంతు పెంచి మరీ చివరిదాకా చెప్పేది. మా తాత ప్రతి రాత్రీ తిట్టేవాడు. ఆమె పోయాక ఆయన ఒక్కడే ఆ ముక్క చెప్పుకునేవాడు, మేం పడుకున్నామనుకుని." కళ్ళు తుడుచుకున్నారు, నవ్వుకే అనుకుంటా. "ఇవాళ మీరు మొదలుపెట్టగానే, ముసల్ది లేచొచ్చిందనుకున్నా. ఇంక సాధనలు చెయ్యకండి."

"బ్రైడీకి కూడా ఆ ముక్క వచ్చే" అన్నాను. "నా పక్కనే చెప్పింది."

"నేనా?" అంది బ్రైడీ, కేకు నములుతూ. "దగ్గొచ్చింది."

"దగ్గులో 'నిరంతరము' వినపడింది."

"మా ఆయనది మీ కొండ మీది చర్చే. నలభయ్యేళ్ళు పక్కన వింటే గోడకైనా వస్తుంది." ఆపైన చేతులు దులుపుకుని హ్యాండ్‌బ్యాగు తెరిచింది. "తొమ్మిదింటికి మొదలంటే ఎనిమిదిన్నరకల్లా గుడి తెరవాలి. ఆ వేళకి నేను లేవను. ఈ తాళంచెవి ఎవరు పెట్టుకుంటారు? హంఫ్రీ గారు పోగొడతారు, మొహం చూస్తేనే తెలుస్తోంది."

"పోగొడతారు" అంది గ్వెన్.

అది నా చేతిలోకి వచ్చింది. అరచెయ్యంత పాత ఇనప తాళంచెవి, ఇంకా బ్యాగులోని పిప్పర్‌మెంటు వాసన వేస్తోంది. "ఊరికే తిప్పితే రాదు" అంది బ్రైడీ. "తలుపుని మోకాలితో పైకెత్తి, నీ వైపు లాగి, అప్పుడు తిప్పాలి. తిట్టినా పర్లేదు, తలుపు బయటే కాబట్టి పాపం రాదు."

ఆ నెల దాటిన మొదటి ఆదివారం, రేవు మీద నుంచి ఈదురుగాలి. మెట్ల మీద మా వాళ్ళు గొడుగుల కింద ముడుచుకుని నిలబడ్డారు. నేను మోకాలితో ఎత్తాను, లాగాను, తిప్పాను. రాలేదు.

"వేరే వైపు తిప్పవే తల్లీ" అన్నాడు విల్ఫ్.

"నీ సిగ్నలు అక్కర్లేదు."

బ్రైడీ చెప్పిన చివరి సలహా కూడా పాటించాను, కాస్త గట్టిగానే. తలుపు లోపలికి పోయింది. ఫాదర్ హంఫ్రీ వినపడనట్టు ముందుకి నడిచి కొవ్వొత్తులు వెలిగించడం మొదలెట్టారు. గ్వెన్ ఆ పూట పాడే పాటల అంకెలు పలక మీద పెట్టింది. నేను గోడ మీద చెయ్యి వేసి చూశాను. మంచుగడ్డ. గుడిని వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయి ఉంది.

ఇంతకు ముందైతే ఎవరికో చెప్పి వాళ్ళు వచ్చేదాకా కోటు బొత్తాలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు ఎవరికి చెప్పాలి? నేను కోటు చేతులు పైకి మడిచి బాయిలర్ ఉన్న నేలమాళిగలోకి దిగాను.